గాజుతొట్టిలో కడలి

మన హైదరాబాదు నగరానికి సముద్రం దూరం. రోడ్డు దారిన మూడు వందల కిలోమీటర్లు దాటితేగాని ఉప్పునీటి అల పాదానికి తగలదు. ఇటువంటి ఊరిలో పుట్టి పెరిగిన మేమిద్దరం, ఇంటి ముందుగదిలో కడలి ముక్కనొకదానిని నిలుపుకోవాలని తలపెట్టడం సాహసమో, అవివేకమో విజ్ఞులైన పాఠకులే నిర్ణయించాలి. మాలో ఒకరిది తెలుగు మాధ్యమం, మరొకరిది ఉర్దూ మాధ్యమం. ఒకరు పగడం అన్నదానిని మరొకరు మర్జాన్ అంటారు. జంతుశాస్త్ర ప్రయోగశాలలో ఒకే బల్లవద్ద కూర్చున్న కారణంచేత స్నేహం కలిసింది. ఆ స్నేహమే ఈ వ్యాసానికి మూలం. కనుక ఇందులోని ‘మేము’ గౌరవార్థం వాడినది కాదు, నిజంగానే ఇద్దరం.

తెలుగింటి ఆడవారు నల్లపూసల మధ్య గుచ్చుకునే ఎర్రపగడం మధ్యధరా సముద్రంలో పుట్టే జాతి. సముద్రంలో దిబ్బలు కట్టే పగడాలు వేరు. గోరంత ప్రాణులు లక్షోపలక్షలుగా ఒకచోట చేరి, నీటిలోని సున్నాన్ని గ్రహించి, తమ చుట్టూ రాతిగూళ్ళు కట్టుకుంటాయి. వాటి కండలోపల కంటికి కనిపించని శైవలాలు కాపురముంటాయి. అవి సూర్యకాంతితో ఆహారం తయారుచేసి ఇంటి యజమానికి అద్దె చెల్లిస్తాయి. సముద్రగర్భంలో నూటికి ఒక పాలైనా ఆక్రమించని ఈ దిబ్బలు సాగరజీవ జాతులలో దాదాపు నాలుగో వంతుకు ఆశ్రయమిస్తున్నాయి. మన గోదావరి, కృష్ణలు తెచ్చిపోసే ఒండ్రుమట్టి, మంచినీరు పగడాలకు సరిపడవు కాబట్టి ఆంధ్రతీరంలో పెద్ద దిబ్బలు పెరగలేదు. భారతదేశంలో వాటిని చూడాలంటే మన్నార్ సింధుశాఖకో, కచ్ సింధుశాఖకో, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవులకో పోవాలి.

సముద్రజీవులను గాజు వెనుక నిలిపి చూడాలన్న కోరిక నేటిది కాదు. ఫిలిప్ హెన్రీ గాస్ అనే ఆంగ్ల ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1854లో వెలువరించిన గ్రంథంతో ‘అక్వేరియం’ అన్న మాటే ప్రచారంలోకి వచ్చింది. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థవారు 1980లో తమ ప్రదర్శనశాలలో సజీవమైన పగడపు దిబ్బను నిలిపి ప్రజలకు చూపారు. గ్రంథాలయంలో ఈ సంగతులు చదివిన మాకు, చదివినది చేసి చూడాలన్న ఆత్రం కలిగింది. ఆత్రం మంచిదే, దానికి తోడు ఆలోచన లేకపోవడమే మా తొలి అపరాధం.

2023 మే నెలలో చిన్న గాజుతొట్టి కొన్నాము. ఉదయం ఉప్పు కలిపాము. సాయంకాలం రెండు క్లౌన్ చేపలను తెచ్చి విడిచాము. నారింజరంగు మేనిపై తెల్లని పట్టీలు. ఇంటిల్లిపాదీ చూసి మురిసిపోయారు. రెండవనాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. సాయంత్రానికి నీటి వేడి 33 డిగ్రీలు. మూడవనాడు తెల్లవారేసరికి రెండూ నీటిపై తేలుతున్నాయి. తప్పెక్కడ జరిగిందో తరువాత చదివి తెలుసుకున్నాము. చేప విసర్జించే అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు ఆ తొట్టిలో పుట్టనేలేదు. పైగా నీరు వేడెక్కినకొద్దీ అందులో ఇమిడే ప్రాణవాయువు తగ్గుతుంది. మేము రెండు ప్రాణులను విషంలోనే కాదు, ఊపిరాడని గదిలో కూడా బంధించాము.

తొట్టి మాలో ఉర్దూ మాధ్యమం వారి ఇంట్లో ఉండేది. ఆ ఇంటి పెద్దాయన నీటి సరఫరా శాఖలో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. మాలో ఒకరికి ఆయన అబ్బాజాన్, మరొకరికి చాచా. కోప్పడతారనుకున్నాము, కోప్పడలేదు. చేపలను జామచెట్టు మొదట్లో పాతించి, చేతులు కడుక్కొని వచ్చి, “బేటా, ముందు వాటిని కాగితంమీద బతికించండి. కాగితంమీద ఏడాది బతికితే అప్పుడు గాజులోకి తేవచ్చు” అన్నారు. ఆ మాట మాకు శిక్షా అయింది, పాఠమూ అయింది. ఆరు నెలలపాటు మేము ఏ ప్రాణినీ కొనలేదు. ఒక నోటుపుస్తకం మాత్రం కొన్నాము.

మొదటి పుటలో కొలతలు వ్రాశాము. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు: తొమ్మిది ఘనపుటడుగులు, అనగా సుమారు 255 లీటర్లు. పైన రెండంగుళాల ఖాళీ, లోపలి రాయి, ఇసుక తీసివేయగా నిలిచే నీరు దాదాపు 200 లీటర్లు. తొట్టి పెద్దదైనకొద్దీ పోషణ కష్టమని మేమనుకున్నాము. నిజం దానికి విరుద్ధం. నీరెక్కువైతే వేడిమిగాని, లవణముగాని, మాలిన్యంగాని నెమ్మదిగా మారుతుంది. మన పొరపాటును దిద్దుకునే వ్యవధి దొరుకుతుంది. ఇక బరువు చూస్తే నీరు 205 కిలోలు, పది మిల్లీమీటర్ల గాజు 50 కిలోలు; రాయి, ఇసుక, బల్ల, కింది తొట్టి అన్నీ కలిపి ఇంచుమించు నాలుగు క్వింటాళ్ళు. మిద్దెమీది గది ఆలోచన ఆ పుటలోనే కొట్టివేశాము.

రెండవ పుట నీటి నడకది. పగడం ఆహారంకోసం నడిచిపోలేదు. నీరే దానివద్దకు రావాలి. ప్రాణవాయువును తెచ్చేది నీటి కదలికే. ఒంటిమీది జిగురును, మురికిని కడిగివేసేదీ అదే. నిలిచిన నీటిలో ప్రతి ప్రాణి మేనినీ అంటుకొని కదలని పలుచని పొర ఏర్పడుతుంది. ఆ పొర ఎంత మందమైతే ఇచ్చిపుచ్చుకోవడం అంత మందగిస్తుంది. అట్లని ఒకేదిక్కున గొట్టంతో కొట్టినట్లు ధార పడితే కండ చీలిపోతుంది. సముద్రంలో అల వస్తుంది, పోతుంది, సుడి తిరుగుతుంది. కనుక కావలసినది బలమైన ధార కాదు, చెదిరిన ప్రవాహం. మెత్తని పగడాలకు తొట్టినీటికి గంటకు పది నుంచి ఇరవై రెట్లు, రాతిపగడాలకు ఇరవై నుంచి నలభై రెట్లు నీరు కదలాలని పెంపకందార్ల అనుభవం.

ఆ పనిని రెండుగా విభజించాము. మొదటిది పైతొట్టికి, కిందితొట్టికి మధ్య ప్రయాణం. మన ఇండ్లలో నేలలోపల కట్టే నీటితొట్టిని సంపు అంటాము గదా, బల్లకింద అమర్చే ఈ తొట్టికీ అదే పేరు. చాచా దీనిని చెరువు భాషలో మాకు బోధించారు. “నిండిన చెరువుకు మత్తడి ఎట్లనో, దీనికీ అట్లనే. మత్తడి పైపైని నీటినే దింపుతుంది, పైన పేరుకున్న జిడ్డు కూడా దానితో పోతుంది” అన్నారు. దిగిన నీరు సంపులో నురుగు యంత్రం గుండా సాగుతుంది. సన్నని బుడగలకు అంటుకొని చేపల మలినాలు నురుగై పైగిన్నెలో చేరుతాయి. శుభ్రపడిన నీటిని పంపు తిరిగి పైకి ఎత్తుతుంది.

ఇక్కడొక చిన్న మోసమున్నది. అది మా చదువులోని లోపమే. పంపు డబ్బామీద గంటకు 2000 లీటర్లని ఉన్నది. అది ఎత్తు లేనప్పటి లెక్క. నాలుగున్నర అడుగులు ఎక్కించి, రెండు వంపులు తిప్పి, ఇరవై లీటర్ల బకెట్టు పెట్టి గడియారం పట్టుకుంటే, నిండడానికి 80 సెకండ్లు పట్టింది. అనగా గంటకు 900 లీటర్లు. తొట్టినీటికి నాలుగున్నర రెట్లు. సంపు ప్రయాణానికి ఇది చాలు. మిగిలిన కదలికకోసం గంటకు 3000 లీటర్లు తోసే అలల పంపులు రెండింటిని ఎదురెదురు గోడలకు, ధారలు నడుమ ఢీకొనేటట్లు అమర్చాము. మొత్తం సుమారు 34 రెట్లు. పగలు రెండూ, రాత్రి ఒక్కటీ నడవాలని నిర్ణయించాము.

2023 డిసెంబరులో తొట్టి వచ్చింది. ఉప్పు కలపకముందే కుళాయి నీటితో పరీక్షలు జరిపాము. నానిన తవుడు చిటికెడు వేసి చూస్తే నీటి దారులన్నీ కంటికి కట్టాయి. రాళ్ళ వెనుక మూలలో తవుడు పోగుపడింది. సముద్రపు నీరైతే అక్కడే మురికి చేరి కుళ్ళేది. రాళ్ళను గోడకు నాలుగంగుళాలు ఎడంగా జరిపి, నడుమ సందులు విడిచాము. మూల శుభ్రపడింది.

ఆ రాత్రి మేము విజయోత్సాహంలో ఉండగా చాచా లుంగీ సర్దుకుంటూ వచ్చి, చాలాసేపు గొట్టాలకేసి చూసి, ఒకే ప్రశ్న అడిగారు: “కరెంటు పోతే ఈ నీరు ఎక్కడికి పోతుంది?”

“ఎక్కడికీ పోదు చాచా, పంపు ఆగుతుంది. మత్తడి మీద ఉన్న అరంగుళం నీరు కిందికి దిగుతుంది. ఏడు లీటర్లు. సంపులో 41 లీటర్ల ఖాళీ ఉన్నది” అని నోటుపుస్తకం చూపాము.

ఆయన మారుమాట్లాడక వెళ్ళి ప్లగ్గు తీశారు.

పంపు ఆగింది. మత్తడి దుమికి ఆగింది. కాని సంపులో నీరు పెరుగుతూనే ఉన్నది. పైకెక్కించే గొట్టం మూతి తొట్టినీటిలో నాలుగంగుళాల లోతున మునిగి ఉండటంవల్ల అదే సైఫనుగా మారి వెనుకకు లాగడం మొదలుపెట్టింది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు తొట్టిలో ఒక్క అంగుళం దిగితే 14 లీటర్లు, నాలుగంగుళాలకు 57. సంపులో చోటు 41. తక్కిన పదహారు లీటర్లు ముందుగది నేలమీద పారాయి. ఇంటి ఆడవారు గుడ్డలతో పరుగెత్తి వచ్చారు. మేము తలలు దించుకున్నాము. చాచా మళ్ళీ ప్లగ్గు పెట్టి, “ఇది మంచినీరు. ఉప్పునీరైతే? మీరు కాలేజీలో ఉంటే? కింద స్విచ్చిబోర్డు ఉంటే?” అని మూడు ప్రశ్నలు మాత్రం అడిగారు. వాటికి జవాబులు వ్రాయడానికి మాకు మరి మూడు వారాలు పట్టింది.

గొట్టం మూతిని నీటిమట్టానికి ముప్పాతిక అంగుళం దిగువకు ఎత్తాము. మట్టం తగ్గగానే గాలి పీల్చి సైఫనును తెంచేటందుకు గొట్టానికి చిన్న రంధ్రం వేశాము. ఆ రంధ్రాన్ని నాచు మూసివేయగలదు గనుక దానినే నమ్ముకోలేదు. అది మూసుకున్నా దిగే నీరు సంపులో పట్టేటట్లే మట్టాలు నిర్ణయించాము. తీగెలన్నింటినీ ప్లగ్గుకంటె దిగువకు వంచి, తీగెవెంట జారే చుక్క ప్లగ్గును చేరక వంపువద్దనే రాలేటట్లు చేశాము. బోర్డును బల్లపక్క గోడకు పైకెత్తి, విద్యుత్తు లీకైతే తక్షణం తెంచే బ్రేకరు పెట్టించాము. ఉప్పునీటిలో చేయి పెట్టేవారికి ఈ చివరి వస్తువు అలంకారం కాదు, ఆయుర్దాయం.

తరువాతి పుట ఎండాకాలానిది. నీరు 25, 26 డిగ్రీలవద్ద ఉండాలి. మన మే నెల 40 దాటుతుంది. నీటిని చల్లబరిచే యంత్రం కొనే శక్తి మాకు లేదు. మా అవ్వ మట్టికుండ మాకు దారి చూపింది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కిలో కేలరీల వేడి కావాలి. ఆ వేడిని 200 లీటర్ల నీటినుంచి తీసుకుంటే దాదాపు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. నీటిపై గాలి విసిరే చిన్న పంకాలు రెండు పెట్టాము. దక్కను గాలి ఎండాకాలంలో పొడిగా ఉండటం మా అదృష్టం. అయితే ఆవిరయ్యేది నీరేగాని ఉప్పు కాదు. రోజూ తగ్గిన మేరకు మంచినీరే పోయాలి. మరచిపోతే లవణం పెరుగుతుంది. ఈ పని యంత్రం కంటె మనిషి శ్రద్ధమీదనే ఆధారపడినది.

విద్యుత్తు లెక్క కూడా ఇంటి పెద్దలకు ముందుగానే చూపాము. పంపులు, నురుగు యంత్రం కలిసి 53 వాట్లు అహోరాత్రం. దీపం 100 వాట్లు ఎనిమిది గంటలు. పంకాలు పది వాట్లు. రోజుకు 2.3 యూనిట్లు, నెలకు 70. ఆ మొత్తాన్ని మేము ట్యూషన్లు చెప్పిన సొమ్ముతో ఇస్తామని మాట ఇచ్చాము. కరెంటు పోయినప్పుడు అన్నీ నడవనక్కరలేదు. ఎనిమిది వాట్ల అలల పంపు ఒక్కటి నడిచి నీటి ఉపరితలాన్ని కదిలిస్తే చేపలకు ఊపిరి ఆడుతుంది. పన్నెండు వోల్టుల, ఏడు ఆంపియర్-గంటల బ్యాటరీలో 84 వాట్-గంటలు ఉంటాయి. సిద్ధాంతంలో పది గంటలు. మేము ఆరే అని వ్రాసుకున్నాము. ఒకసారి నీళ్ళు తుడిచినవారు లెక్కలో కొంత భయం కలుపుకుంటారు.

2024 జనవరిలో అసలు నీరు పోశాము. బోరునీటిలోని లవణాలు, కుళాయి నీటిలోని క్లోరిన్ పనికిరావు గనుక వడపోసిన నీరే వాడాలి. వడపోత యంత్రం లీటరు మంచినీటికి మూడు లీటర్లు వృథాగా విడిచింది. ఆ నీటితోనే ఇంట్లో వారం రోజులు గిన్నెలు తోమారు, మొక్కలు తడిపారు. లీటరుకు 35 గ్రాముల లవణం చొప్పున సముద్రపు ఉప్పు మిశ్రమం కలిపాము. వంట ఉప్పు ఇందుకు చాలదు. సముద్రంలో కాల్షియం, మెగ్నీషియం మొదలైనవి ఎన్నో ఉన్నాయి. రాళ్ళను గవ్వల పొడి, తెల్ల సిమెంటుతో మేమే పోసి, ఘాటు పోయేవరకు నెలల తరబడి నీరు మార్చి నానవేశాము. చిన్న రొయ్యముక్క వేసి అమ్మోనియా పుట్టించి, అది సూక్ష్మజీవులచేత మాయమయ్యేవరకు ఆరు వారాలు ఖాళీ తొట్టికేసి చూస్తూ కూర్చున్నాము. వచ్చిన బంధువులు, “ఇందులో ఏమున్నది?” అని అడిగేవారు. “ఓపిక ఉన్నది” అని చాచా చెప్పేవారు.

ఇక పగడం సంగతి. మార్చి నెలలో ఒక దుకాణదారు మమ్మల్ని లోపలికి పిలిచి, అరచేయంత రాతిపగడం చూపాడు. ధర మాకు అందేదే. మా దీపం, మా ప్రవాహం అంతా దానికోసమే సిద్ధమయ్యాయి. సముద్రంనుంచి వచ్చినదేనా అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో 2001లోనే దిబ్బలు కట్టే రాతిపగడాలన్నింటినీ చేర్చారు. పులికి ఉన్న రక్షణ వాటికీ ఉన్నది. ఆ సంగతి తెలిసి కూడా, దాచనేల, మేమిద్దరం దుకాణం బయట అరగంట నిలబడి వాదించుకున్నాము. తెచ్చినది ఎటూ తెచ్చాడు, మనవద్ద అయితే బతుకుతుంది గదా అని ఒకరు. మనం కొంటేనే గదా వాడు మరొకటి విరుస్తాడు అని మరొకరు. ఎవరు ఏ పక్షమో ఇక్కడ వ్రాయము. వట్టి చేతులతో తిరిగి వచ్చాము. వారం రోజులు ఒకరితో ఒకరం సరిగా మాట్లాడుకోలేదు.

తరువాతి నెలలోనే, 2024 ఏప్రిల్ 15న, ప్రపంచ సముద్రాలలో పగడాలు నాలుగోసారి విశ్వవ్యాప్తంగా తెల్లబారుతున్నాయని శాస్త్రజ్ఞులు ప్రకటించారు. సముద్రం అలవాటైన వేసవి వేడికంటె ఒక డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు నిలిస్తే, పగడం తనలోని శైవలాలను వెళ్ళగొట్టి పాలిపోతుంది. ఆ స్థితి సాగితే ఆకలితో చనిపోతుంది. ఆ వార్త చదివిననాడు మేము మా 200 లీటర్లలో ఒక్క డిగ్రీ దింపడానికి పడిన పాట్లు తలచుకున్నాము. మహాసముద్రానికి పంకా పెట్టేవారెవరు? ఆ రోజునుంచి మా మధ్య వాదం ముగిసింది.

అందువలన మా పగడపు దిబ్బలో నేటికీ పగడం లేదు. ఉన్నవి మేము పోసిన రాళ్ళు, వాటిపై పెరిగిన ఊదారంగు సున్నపు నాచు, నాలుగు నత్తలు, రెండు క్లౌన్ చేపలు. ఆ చేపలు సముద్రంలో పట్టినవి కావు. హేచరీలో గుడ్డునుంచి పెంచినవి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు ఈ జాతులను బంధంలోనే గుడ్లు పెట్టించి పెంచే పద్ధతులను రూపొందించారు. 2024 వేసవి గడిచింది. 2025 వేసవీ గడిచింది. రెండూ క్షేమం. ప్రతి ఆదివారం ఉదయం చాచా స్వయంగా ప్లగ్గు తీసి, నీరు ఎక్కడివరకు వస్తుందో చూసి, సంపు గాజుమీద గీసిన ఎర్రగీతకు లోపలే ఆగితే తల ఊపి టీ తాగడానికి వెళ్తారు.

ఈ ఏడాదితో మా డిగ్రీ చదువు ముగుస్తుంది. ఒకరు పై చదువుకు వేరే ఊరికి, ఒకరు ఉద్యోగానికి మరో ఊరికి పోవలసి ఉన్నది. చాచాకు మోకాళ్ళనొప్పి, రోజూ నీళ్ళు మోయలేరు. అమ్మివేద్దామని ఎవరూ అనలేదుగాని, ఆ మాట ఇంట్లో అందరి మనసులోనూ ఉన్నది. కనుక కళాశాల కమిటీ పెద్దలకు ఈ పుటల ద్వారా ఒక మనవి. జంతుశాస్త్ర ప్రయోగశాలలో ఉత్తరపు గోడవద్ద, ఎండ పడని చోట, ఐదడుగుల జాగా ఉన్నది. ఆ తొట్టిని, దానితోపాటు నోటుపుస్తకాన్ని కళాశాలకు ఇవ్వడానికి మేము సిద్ధం. ధనం కోరడం లేదు. ఒక బ్రేకరు, ఒక ప్లగ్గు, సెలవు దినాలలో సైతం రోజూ రెండు చెంబుల మంచినీరు పోసే ఇద్దరు విద్యార్థులు కావాలి. ఆ ఇద్దరూ రెండు మాధ్యమాలవారైతే మాకు మరింత సంతోషం.

వారికి చెప్పవలసినదంతా నోటుపుస్తకంలో ఉన్నది. మొదటి పుటలో కొలతలకు పైన, ఎర్ర సిరాతో, తరువాత చేర్చిన వాక్యం ఒకటున్నది. ఏ పంపు కొనేముందైనా, ఏ ప్రాణిని తెచ్చేముందైనా దానికి జవాబు వ్రాయాలి: కరెంటు పోతే ఈ నీరు ఎక్కడికి పోతుంది?